బండి దానంతట అదే దూకింది

షాబాన్ 29, శుక్రవారం

నిన్న బాబ్ జదీద్ సిగ్నల్ దగ్గర మోటారు బండి మీంచి పడ్డాను. పుదీనా తోపుడు బండి మీద పడ్డాను కాబట్టి బతికిపోయాను. మోచెయ్యి కమిలింది, మోకాలికి మూడు కుట్లు పడ్డాయి, ఒళ్ళంతా ఇప్పటికీ పుదీనా వాసనే. పుదీనా అమ్మే ఆయన ముందు తల పట్టుకున్నాడు, తర్వాత నా అవతారం చూసి నవ్వాడు, ఆ తర్వాత జాలిపడి నీళ్ళు తాగించాడు.

ఏం జరిగిందో రాసి పెట్టుకోవాలి. రేపెవరు అడిగినా తడుముకోకూడదు.

ఎర్ర దీపం పడింది. ఆగాను. పచ్చ దీపం పడీ పడకముందే బండి దానంతట అదే దూకింది. నేనేమీ చెయ్యలేదు. చెయ్యి హ్యాండిల్ మీద ఉంది, అంతే. చెయ్యి అక్కడ కాక ఇంకెక్కడ ఉంటుంది?

జనం బండిని లేపి కిక్ కొడితే, ఎవరూ హ్యాండిల్ తిప్పకుండానే అది గొంతు చించుకుని అరిచింది. పదిమంది చూశారు. వాళ్ళలో ఒక ముసలాయన దీనికి జిన్ను పట్టిందని తేల్చేశాడు. దానంతట అదే దూకిందన్న మాట ముందు వాళ్ళ నోట వచ్చిందో నా నోట వచ్చిందో గుర్తు లేదు.

నా కూతురు వియాంకి ఇరవై ఆరేళ్ళు. మందుల షాపులో పని చేస్తుంది, ఎవరికైనా మందు కన్నా ముందు చీవాట్లు ఇస్తుంది. ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చి నా మోకాలు చూసింది, బండి తాళంచెవి లాక్కుని తన మెడలో గొలుసుకి తగిలించుకుంది.

రంజాన్ 1, శనివారం

ఉపవాసాలు మొదలు. మోకాలు వంగదు కాబట్టి నమాజు కుర్చీలోనే. వియాం నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ బండి దానంతట అదే దూకిందనే చెప్పాను. ఐదోసారి అడగకుండానే చెప్పాను. అలా చెప్పకూడదు ఇతిమాద్, అనుమానం వస్తుంది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

రంజాన్ 3, సోమవారం

ఇవాళ గెలీజ్ పేటలో దర్జీల దగ్గరికి బస్సులో వెళ్ళాను. ఒక చేత్తో గుండీల సంచీ, ఒక చేత్తో కడ్డీ, మోకాలి మీద ఎవరిదో ఉల్లిపాయల బుట్ట. నేను కట్టేవి పట్టు గుండీలు. ఒక్కో కఫ్తాన్ గౌనుకి తొంభై కావాలి. పండక్కి మరాకేష్‌లో ప్రతి ఆడదానికీ కొత్త కఫ్తాన్ కావాలి. అంటే ఈ నెల రోజులూ నాకు ఊపిరి పీల్చే తీరిక ఉండదు. బండి మీద గంటలో తిరిగొచ్చే ఆరు కొట్లకి ఇవాళ నాలుగున్నర గంటలు పట్టింది. చివరి దర్జీ నా ఎదుటే గోడ గడియారం చూశాడు. ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి వియాంతో తేల్చుకున్నాను. అది ఒప్పందం పెట్టింది. మెకానిక్ చూసి తప్పు బండిదే అంటే తాళంచెవి నాది. తప్పు నాదంటే పండగలోపు బండి అమ్మకం. మూడో సందులో టైల్స్ వేసే హమ్మాది అప్పుడే అడిగాడట. వాడికి సిగ్గు లేదు, నేనింకా కుంటుతుంటే బండి బేరం చేస్తాడు.

మా ఆయన లార్బి పోయి రెండేళ్ళు దాటింది. బండి ఆయనది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన వెనక ఒకవైపుకి తిరిగి కూర్చున్నాను. మంచి మనిషి, గుంట వస్తే ముందే చెప్పేవాడు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళూ నేను ఊరిని ఎడమ పక్కే చూశాను. కుడి పక్కన ఏమేం ఉన్నాయో బండి నేర్చుకున్నాకే తెలిసింది. కుడి పక్కన ఒక రొట్టెల కొలిమి ఉంది, చిలకలమ్మే ముసలావిడ ఉంది, ఒక బడి గోడ మీద నీలం చేపల బొమ్మలున్నాయి.

ఎవరితోనూ అనను కానీ ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి ఒక్కదాన్నే కోటగోడ చుట్టూ తిరిగిన రోజు నవ్వాను. ముఖం మీద ముసుగు ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. అప్పటి నుంచీ బండెక్కితే నవ్వొస్తుంది. యాభై రెండేళ్ళ విధవని, నాకేం పోయేకాలం?

రంజాన్ 5, బుధవారం

గెలిచాను, గెలిచాను, గెలిచాను.

బాబ్ దుకాలా దగ్గర మాలెం బుజెమా కొట్టుకి బండిని ట్రాలీ మీద తోలించాను. మాలెం అంటే పనిలో గురువు. నన్నూ గుండీలవాళ్ళు మాలెమా అనే పిలుస్తారు కాబట్టి మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మర్యాద, ఆయన నన్ను లల్లా అంటాడు, అమ్మగారన్నట్టు. అరవై దాటినవాడు, మీసం సిగరెట్టు పొగకి పసుపు తిరిగింది. ఉపవాసాల్లో సిగరెట్టు లేక మధ్యాహ్నానికల్లా ముఖం ముడుచుకుపోతుంది, ఎవరూ ఎదురు మాట్లాడరు. వియాం కూడా వచ్చింది. తాళంచెవి నా చేతికివ్వకుండా ఆయన చేతిలో పెట్టి, పని అయ్యాక తనే వచ్చి అడుగుతానని చెప్పి డ్యూటీకి పోయింది.

ఆయన కిక్ కొట్టాడు. బండి అరిచింది. చెవి ఒగ్గి విని, ఎక్కడో దొంగగాలి పోతోందన్నాడు. ఇంజను గాలి పీల్చాల్సింది ఒక్క దారిలోనే, ఫిల్టరు డబ్బా గుండా. ఆ దారిలో ఏ అతుకు వదిలినా, ఏ రబ్బరు చిరిగినా పక్క నుంచి గాలి జొరబడుతుంది, పెట్రోలు పలచబడుతుంది, ఇంజను ఎవరి మాటా వినదు. ఎక్కడ వదిలిందో మామూలుగా అయితే సిగరెట్టు ముట్టించి పొగ ఊది కనిపెడతాడట. కంత ఉన్నచోట పొగ లోపలికి పోతుంది. ఇప్పుడు ఆ మాట తనని అడగవద్దన్నాడు, అడిగితే తను మనిషిలా ఉండనన్నాడు.

సూర్యాస్తమయం దాకా ఆగే ఓపిక నాకెక్కడిది? కుంటుకుంటూ ఇంటికెళ్ళి, నిప్పుల కుంపటి, ఊదు చెక్కలు పట్టుకొచ్చాను. మాలెం రెండడుగులు వెనక్కి దూకాడు.

"పెట్రోలు దగ్గరికి కుంపటి పట్టుకొచ్చే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా లల్లా. అది రోడ్డుకి అవతల పెట్టి రండి."

చివరికి పెట్రోలు కుళాయి కట్టేసి, ట్యాంకు విప్పి అవతల పెట్టి, బక్కెట్టులో ఇసుక తెచ్చి దగ్గర ఉంచుకుని, ఒకే ఒక్క అగరుబత్తి ముట్టించనిచ్చాడు. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలుతో బండి రెండు నిమిషాలు తిరిగింది. పొగ ఫిల్టరు డబ్బా దగ్గర తిన్నగా లేచింది. గొట్టం దగ్గర తిన్నగా లేచింది. కార్బురేటర్‌కీ ఇంజనుకీ మధ్య ఒక నల్ల రబ్బరు ఉంటుంది, అక్కడికి రాగానే వంగి సర్రున లోపలికి పోయింది.

"వీధి మొత్తం మీద ఉపవాసం లేనిది మీ బండి ఒక్కటే" అన్నాడు మాలెం. ఆ మాటకి పక్క కొట్టు వెల్డింగు అతను కూడా నవ్వాడు. ఉపవాసం మొదలయ్యాక అతను నవ్వడం ఎవరూ చూడలేదట.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. దారిపొడుగునా షబ్బాకియా మిఠాయిలు కొనుక్కుంటూ వచ్చాను, మూడు కొట్ల దగ్గర కొన్నాను, ఇద్దరం మనుషులం ఎన్నని తింటాం? తప్పు బండిదేనని వియాంకి చెప్పాను. మాలెం నోటితో వింటేనే నమ్ముతానంది. విను తల్లీ, హాయిగా విను.

రంజాన్ 6, గురువారం

మాలెం రబ్బరు విప్పి తీశాడు. వెలుతురులో పట్టుకుని చిరుగు వంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"లల్లా, ఇది కొత్త చిరుగు. పాతదైతే అంచులు బూడిదరంగు తిరిగి దుమ్ము పట్టి ఉంటాయి. ఇది లోపల నల్లగా నిగనిగలాడుతోంది. బండి కార్బురేటర్ వైపుకి పడింది, ఆ దెబ్బకి చిరిగింది. దూకడం ముందు, చిరగడం తర్వాత."

తల కొట్టేసినట్టయింది. ఏమీ ఎరగనట్టు, అయితే బండి ఎందుకు దూకిందంటారూ అని అడిగాను. ఆయన యాక్సిలరేటర్ తిప్పే నా కుడి చేతి వంక చూశాడు.

బతిమాలాను. ఒక్క ముక్క, పాత చిరుగే అని ఒక్క ముక్క చెప్తే చాలన్నాను. ఉపవాసంలో ఉన్నాను, అబద్ధం ఆడనన్నాడు. పోనీ సాయంత్రం హరీరా సూపు తాగాక చెప్పండన్నాను. అప్పుడు మాత్రం దేవుడు పడుకుంటాడా అన్నాడు. చివరికి ఇంతకి ఒప్పుకున్నాడు. పిల్ల అడగకపోతే తనంతట తాను చెప్పడు, అడిగితే దాచడు.

సరే, ఈ పుస్తకం నాదే, దీంట్లో దాపరికం ఏమిటి? బండి దానంతట అదే దూకలేదు. ఎందుకు దూకిందో మాత్రం ఇక్కడ కూడా రాయను. ఇవాళ గురువారం. మధ్యాహ్నమంతా మనసు బాబ్ జదీద్ దగ్గరే ఉంది.

రంజాన్ 10, సోమవారం

కొత్త రబ్బరు కాసాబ్లాంకా నుంచి రావడానికి మూడు రోజులు పడుతుందట. ఈలోపు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. చిరుగే కనబడకపోతే అది కొత్తదో పాతదో ఎవరికి తెలుస్తుంది? పట్టు దారానికి తేనెమైనం పట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ చేతనైన పని. మైనం దారంతో నేను కట్టిన ముడి నీళ్ళలో నానేసినా వదలదు.

మాలెం మధ్యాహ్నం నమాజుకి వెళ్ళాడు. నేను కూర్చున్నాను. ఆకుపచ్చ పట్టుదారం, మంచి మైనం, రబ్బరు చుట్టూ వరస తప్పకుండా నలభై చుట్లు. చిరుగు మాయమైంది. ఎంత అందంగా కుదిరిందంటే కఫ్తాన్ మెడకి పెట్టుకోవచ్చు. దాన్ని బిగించి, గోడ మేకుకి ఉన్న తాళంచెవి తీసి, కిక్ కొట్టాను. అరుపు లేదు. గురకపెట్టే పిల్లిలా ఉంది.

ఇక ఆగుతానా? ఒక్క చుట్టు అనుకున్నాను. కుట్లున్న కాలు చాపుకుని బయల్దేరాను. కోటగోడ, రొట్టెల కొలిమి, నీలం చేపలు. పదకొండు రోజుల తర్వాత! గట్టిగా నవ్వాను, గాడిద బండి తోలేవాడు తిరిగి చూశాడు, చూడనీ అనుకున్నాను.

సరిగ్గా బడి మలుపులో మైనం కరిగింది. ఇంజను పక్కన ఎంత వేడిగా ఉంటుందో గుండీలు కట్టుకునేదానికి ఏం తెలుసు? బండి ఒక్కసారిగా అరిచింది, ఈసారి నిజంగానే దానంతట అదే దూకింది. దేవుడి దయ వల్ల తాళంచెవి తిప్పేశాను, గోడకి జానెడు దూరంలో ఆగాను. నెట్టుకుంటూ వెనక్కి వచ్చేసరికి మాలెం పానా పట్టుకుని కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. వీధి వీధంతా నిలబడి ఉంది. ఇంజను మీంచి ఆకుపచ్చ మైనం బొట్లు బొట్లుగా కారుతోంది, దగ్గరికొచ్చిన ప్రతివాడూ తేనె వాసన అంటున్నాడు, ఆకలి మీద ఉన్న మనుషులు కదా.

మాలెం నన్ను తిట్టలేదు. రబ్బరు విప్పి, నా అల్లిక వేలితో తడిమి, "పని బాగుంది. చోటే తప్పు" అన్నాడు.

రంజాన్ 11, మంగళవారం

వీధిలో నన్ను కొవ్వొత్తి లల్లా అంటున్నారట. అననీ.

రంజాన్ 13, గురువారం

ఇవాళంత మంచిరోజు ఈ మధ్య లేదు. రబ్బరు వచ్చింది. నేను పక్కన నిలబడి చూస్తానంటే మాలెం ఊరుకోలేదు, చేతులు కడుక్కుని కూర్చోమన్నాడు, చెయ్యమన్నాడు.

ముందు పాత ప్యాకింగు గీకాలి. ఇంజనుకీ గొట్టానికీ మధ్య ఉండే కాగితం అది, మాడి అట్టకట్టుకుపోయింది. బ్లేడు ఏటవాలుగా పట్టుకుని, లోహానికి గీత పడకుండా తీయాలి. తర్వాత అద్దం మీద గరుకు కాగితం పరిచి, గొట్టం ముఖాన్ని దాని మీద గుండ్రంగా, గుండ్రంగా రుద్దాలి. రుద్దుతుంటే ఎత్తుగా ఉన్నచోట మెరుస్తుంది, పల్లంగా ఉన్నచోట మసి అలాగే ఉంటుంది. మొత్తం ఒకే మెరుపు వచ్చేదాకా ఆపకూడదు. మాలెం రెండుసార్లు చాలన్నాడు, నేను చాలనలేదు.

కొత్త ప్యాకింగు బజార్లో దొరికేది మందం తక్కువట. తనే మందం కాగితం తెచ్చి గొట్టం మూతి మీద పెట్టి బొటనవేలితో నొక్కి రుద్దమన్నాడు. అంచులన్నీ కాగితం మీద అచ్చు పడ్డాయి. కత్తెర నాది. దర్జీల కాగితాలు ముప్పై ఏళ్ళుగా కత్తిరిస్తున్నదాన్ని, మూడు కంతలూ ఒక్క పోటు తప్పకుండా వచ్చాయి. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, నలభై ఏళ్ళలో తను ఇలా కోయలేదన్నాడు. సిగరెట్టు లేని మధ్యాహ్నం పూట ఆ మనిషి నోట మెప్పుదల!

బోల్టులు రెండు. నేను ఒకటి పూర్తిగా బిగించబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు. ఒకటే ముందు బిగిస్తే రెండో వైపు నోరు తెరుస్తుందట. అది నాకు చెప్పాలా? గుండీ ముడి కూడా అంతే, రెండు దారాలూ కలిసి లాగాలి.

ఫిల్టరు డబ్బా మూత అంచుకి పలచగా గ్రీజు రాశాం. ఈ ఊరి దుమ్ముకి అది లేకపోతే లాభం లేదు. అగరుబత్తి మళ్ళీ తెచ్చాను. పొగ అన్ని అతుకుల దగ్గరా తిన్నగా పైకి పోయింది. ఎక్కడా వంగలేదు. మాలెం ముందరే నా కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, పొగ అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళు దీని మీద కూర్చున్నాను, ఇది గాలి ఎలా పీలుస్తుందో ఇవాళ తెలిసింది.

రంజాన్ 15, శనివారం

రేపు మధ్యాహ్నం వియాం వస్తుంది. ఏం చెప్పాలో రాసుకుంటున్నాను. "రబ్బరు చిరిగింది, దొంగగాలి పోయింది, అందుకే దూకింది, ఇప్పుడు మార్చాం." ఇందులో ఒక్క ముక్కే అబద్ధం. "అందుకే" ఒక్కటే. అంత చిన్న ముక్కకి దేవుడు మాత్రం లెక్క కడతాడా?

అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. బాగానే వచ్చింది. ముఖంలో నవ్వు మాత్రం ఆపుకోవాలి.

రంజాన్ 16, ఆదివారం

చెప్పాను. అద్దంలో చెప్పినదానికన్నా బాగా చెప్పాను. వియాం నమ్మింది. మాలెంని ఏమీ అడగలేదు కూడా. కొత్త రబ్బరు వేలితో తాకి చూసింది, బండి స్టార్ట్ చేయించి వింది, బాగుందంది. నేను చెయ్యి చాచాను, తాళంచెవికి.

"హమ్మాదికి సాయంత్రం రమ్మని చెప్పానమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. తప్పు బండిదైతే నాదే అన్నావు కదే అన్నాను. అన్నానంది. కానీ ఇప్పుడు విన్నాక భయం పెరిగిందంది. "మొన్నటిదాకా కూడా బాగుందనే కదా అనుకున్నాం. చెప్పకుండా చిరిగింది. చెప్పకుండా దూకింది. మళ్ళీ ఎప్పుడు దూకుతుందో నీకు తెలుసా? మాలెంకి తెలుసా? నువ్వు బండెక్కిన ప్రతిసారీ ఫోను చేతిలో పట్టుకుని కూర్చోవాలా నేను? నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అలా కూర్చున్నాను, ఇంక నావల్ల కాదు."

పిల్ల చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు వణికినట్టు వణికింది. పదిహేడు రోజులుగా నేను కట్టిన అబద్ధమే నా బండిని అమ్మేస్తోంది, నా పిల్లని భయపెడుతోంది. అనుకున్నదొకటి, అయినదొకటి.

"అది దానంతట అదే దూకలేదు" అన్నాను. "నేను దూకించాను."

నమ్మలేదు. బండి కోసం ఇప్పుడు కొత్త అబద్ధం మొదలెట్టావా అంది. అప్పుడు మాలెం లేచి, అలమరలోంచి పాత రబ్బరు తీసుకొచ్చాడు. నా ఆకుపచ్చ దారం ఇంకా దానికి వేలాడుతోంది. దారం పక్కకి తీసి, చిరుగు వంచి, అంచులు చూపించి, తను నాకు చెప్పినదంతా దానికీ చెప్పాడు. చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

వియాం నా వైపు తిరిగింది. ఎందుకు అని అడిగింది.

పందెం, అన్నాను. పసుపు జల్లాబా అంగీ వేసుకునే ఒకావిడ ఉంది, నా ఈడుదే, కాస్త పెద్దది కూడా కావచ్చు. గురువారం గురువారం నేను గెలీజ్‌కి గుండీలు తీసుకెళ్ళే వేళకి ఆవిడా తన బండి మీద ఆ సిగ్నల్ దగ్గరికి వస్తుంది. ఒక్కనాడూ పలకరించుకోలేదు. నా వైపు చూడనైనా చూడదు. బండి రేజు చేస్తుంది, అంతే. పచ్చ దీపం పడగానే ఇద్దరం తర్వాతి సిగ్నల్ దాకా పోతాం. నాలుగు వారాల్లో మూడుసార్లు ఆవిడ గెలిచింది, ఒకసారి నేను. ఐదో వారం దీపం పడకముందే తిప్పేశాను, పుదీనా బండి అడ్డం వచ్చింది.

"స్కోరు కూడా లెక్కపెట్టుకున్నావా?" అంది వియాం. గొంతు పైకి లేవలేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"పెట్టుకున్నాను."

"ఎందుకమ్మా? యాభై రెండేళ్ళొచ్చాయి. ఎందుకు?"

సంతోషం పట్టలేక, అన్నాను.

తాళంచెవి తీసి మెడలో వేసుకుని వెళ్ళిపోయింది. హమ్మాది సాయంత్రం వచ్చాడో లేదో నాకు తెలీదు. అడగలేదు.

రంజాన్ 17, సోమవారం

మాట్లాడటం లేదు. హరీరాలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను, ఇద్దరం అలాగే తాగాం.

రంజాన్ 18, మంగళవారం

మాట్లాడటం లేదు. నూట ఎనభై గుండీలు కట్టాను. బండి మాలెం కొట్టులోనే ఉంది, దారి మార్చుకుని వెళ్ళి చూసొచ్చాను. హమ్మాది రాలేదట. ఎందుకు రాలేదో మాలెం చెప్పలేదు, నేనడగలేదు. బుద్ధి రాలేదు నాకు, దాన్ని చూడగానే మళ్ళీ నవ్వొచ్చింది.

రంజాన్ 20, గురువారం

ఇఫ్తారు అయ్యాక వియాం గిన్నెలు తీయలేదు. ఖర్జూరం గింజలన్నీ పళ్ళెంలో ఒక వరసలో పేరుస్తూ కూర్చుంది. అలా అది పరీక్షల ముందు చేసేది.

అప్పుడు చెప్పింది. నాలుగు రోజులుగా నా మీద ఎంత కోపంగా ఉన్నా, రాత్రిళ్ళు నిద్ర మాత్రం పడుతోందట. నేను పడ్డ దగ్గర్నుంచీ పట్టలేదట, మొన్న ఆదివారం నుంచీ పడుతోందట. ఎందుకా అని ఆలోచించిందట.

"బండి దానంతట అది దూకుతుందంటే నేనేం చెయ్యగలనమ్మా? దాంతో మాట్లాడలేను కదా. నువ్వు దూకించావంటే నీతో మాట్లాడొచ్చు."

హమ్మాదిని రావద్దని ఆ సాయంత్రమే చెప్పేసిందట. అది ఇంకో ముక్క కూడా అంది, తల ఎత్తకుండా అంది. నాన్న ఉండగా నేను ఇంత సంతోషంగా ఉండటం తనెప్పుడూ చూడలేదట. నేను బండి దిగి లోపలికొచ్చేటప్పుడు నా ముఖం చూస్తే దానికి నాన్న తరఫున కోపం వచ్చేదట, తర్వాత ఆ కోపానికి సిగ్గేసేదట. నాకూ అంతే తల్లీ అన్నాను. దిగి లోపలికొచ్చే ముందు ముఖం సర్దుకోవడానికి సందు మొదట్లో ఆగేదాన్నని కూడా చెప్పాను. ఇది ఈ పుస్తకంలో కూడా ఎప్పుడూ రాయలేదు.

ఇద్దరం ఏడ్చాం. తర్వాత మిగిలిన షబ్బాకియాలన్నీ తిన్నాం, మెత్తబడిపోయాయి, అయినా తిన్నాం.

తాళంచెవి గొలుసులోంచి తీసి నా ముందు పెట్టింది. షరతు ఒక్కటే. పందేలు వద్దు. నెలకోసారి తన ఎదుట పొగ పెట్టి అతుకులు చూపించాలి. రెండూ ఒప్పుకున్నాను. అవి రెండు షరతులని ఇప్పుడు రాస్తుంటే తెలిసింది.

రంజాన్ 27, గురువారం

మూడు వందల అరవై గుండీలు ఇచ్చేసి వచ్చాను, ఆరు కొట్లు, గంటా పది నిమిషాలు. బాబ్ జదీద్ దగ్గర పచ్చ దీపం పడ్డాక పది లెక్కపెట్టి కదిలాను. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక బస్సు, ఒక గుర్రబ్బండి నన్ను దాటిపోయాయి. గుర్రబ్బండి దాటిపోవడం మాత్రం కష్టంగా అనిపించింది.

షవ్వాల్ 2, పండగ మర్నాడు

ఇవాళ వియాంని వెనక ఎక్కించుకున్నాను. దానికి బండంటే చచ్చే భయం, తండ్రి వెనక కూడా ఎక్కేది కాదు. మా పిన్ని ఇంటికి, ఖర్జూరపు చెట్ల తోపు దాటి వెళ్ళాలి, టాక్సీ దొరకలేదు. కొత్త కఫ్తాన్ మీదే ఎక్కింది, నేను కట్టిన తొంభై గుండీల కఫ్తాన్. ఒకవైపుకి తిరిగి కూర్చోబోతే వద్దన్నాను. అటూ ఇటూ కాళ్ళు వేసుకుని తిన్నగా కూర్చో, ముందుకి చూడు అన్నాను.

నగరం దాటేదాకా నా నడుం దాని గోళ్ళలోనే ఉంది. ప్రతి మలుపులోనూ ఊపిరి బిగబట్టింది, వీపు మీద నాకు తెలుస్తూనే ఉంది. గుంట వచ్చిన ప్రతిచోటా ముందే చెప్పాను. ఇంజను ఎక్కడా గొంతు మార్చలేదు. తోపులోకి వచ్చాక రోడ్డు ఖాళీ, ఎండ లేదు, కొండల మీద ఇంకా మంచు ఉంది. దాని చేతులు కాస్త వదులయ్యాయి. తర్వాత ఇంకాస్త. కాసేపటికి నా భుజం మీద గడ్డం పెట్టి ముందుకి చూడటం మొదలెట్టింది.

నా చెవిలో ఏదో అంది. గాలికి వినబడలేదు, ఏమిటన్నాను.

"ఇంకొంచెం తొందరగా పోనివ్వమ్మా."

పోనివ్వలేదు. మాట ఇచ్చాను కదా. రెండోసారి అడిగితే పోనిచ్చాను.